ప్యానెల్ పని మూడో రోజున మొదలవుతుంది

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా శనివారం సాయంత్రమైతే విశాఖపట్నం నుంచి పాడేరు, లంబసింగి, అరకు వైపు వెళ్లే కార్లలో డేరాలు, దుప్పట్లు, చిన్న గ్యాస్ స్టవ్వులతో పాటు ఇప్పుడు మరో సామాను కూడా ఎక్కుతోంది. పుస్తకంలా మడతపడే సోలార్ ప్యానెల్, దానికి జతగా ఒక బ్యాటరీ పెట్టె. వంజంగి కొండ మీద ఉదయం ఆరున్నరకు లోయంతా మబ్బు పరుచుకుని ఉన్న వేళ ఆ ప్యానెల్‌ను ఎంత శ్రద్ధగా తూర్పుకు తిప్పి నిలబెట్టినా, దాని మీద మంచు బొట్లు తప్ప ఎండ పడదు. ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసే కంట్రోలర్ తెర మీద రెండో మూడో వాట్లు కదులుతుంటాయి. తొమ్మిదిన్నరకు ఎండ చురుక్కుమనే సరికి డేరా విప్పి కారెక్కే వేళవుతుంది. ఆ ప్యానెల్‌లో లోపమేమీ లేదు. ఎండ వేళకూ పర్యాటకుడి వేళకూ పొత్తు కుదరలేదు.

ఈ విషయంలో మొదట తేల్చుకోవలసినది ఒకటే. క్యాంపులో కరెంటు కావలసింది రాత్రి, ఎండ దొరికేది పగలు. కాబట్టి రాత్రికి కావలసినదంతా చీకటి పడేసరికే బ్యాటరీలో ఉండాలి. ఖర్చయినదాన్ని మర్నాడు తిరిగి నింపడం వరకే ప్యానెల్ బాధ్యత. శనివారం బయలుదేరి సోమవారం పొద్దున ఇల్లు చేరే ప్రయాణంలో, ఇంటి ప్లగ్గు దగ్గర నిండుగా ఎక్కించుకుని తీసుకెళ్లిన బ్యాటరీ ఆ రెండు రాత్రులనూ గట్టెక్కించగలిగితే ప్యానెల్‌కు అసలు పనే పడదు. వారం రోజుల పాటు కొండలు చుట్టి వచ్చే యాత్రలోనో, తుపాను తర్వాత కరెంటు లేని ఇంట్లోనో, మూడో రోజు నుంచి దాని అవసరం మొదలవుతుంది. అయినా దుకాణంలోనూ ప్రకటనలోనూ ముందు వినిపించేది ప్యానెల్ వాట్లే. కొనేవారూ అక్కడి నుంచే మొదలుపెట్టి, మిగిలిన డబ్బుకు వచ్చిన బ్యాటరీతో సరిపెట్టుకుంటారు. లెక్క తలకిందులుగా నడవడమంటే ఇదే.

కరెంటు బిల్లులో యూనిట్ అని రాసేది వెయ్యి వాట్ అవర్లను. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు ఆగకుండా వేడెక్కితే ఒక యూనిట్ ఖర్చవుతుంది. నలుగురు మనుషుల క్యాంపుకు ఒక రాత్రికి అందులో ఆరో వంతు చాలు. ఐదు వాట్ల ఎల్ఈడీ దీపాలు రెండు, నాలుగు గంటలు వెలిగితే 40 వాట్ అవర్లు. ఇప్పటి ఫోన్లలో బ్యాటరీ దాదాపు 5000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు) ఉంటోంది, దాన్ని 3.85 వోల్టులతో గుణిస్తే 19 వాట్ అవర్లు, ఛార్జింగ్‌లో వేడి రూపంలో పోయేది కూడా కలుపుకుంటే 25. నాలుగు ఫోన్లకు 100. కెమెరా బ్యాటరీకో బ్లూటూత్ స్పీకరుకో మరో 20. మొత్తం 160 వాట్ అవర్లు. శీతకాలంలో కొండ మీద ఫ్యాను ఊసే ఉండదు కనుక ఈ లెక్క ఇక్కడితో ఆగుతుంది. అదే ఏప్రిల్‌లో భీమిలి దాటాక ఏ సరుగుడు తోట పక్కనో డేరా వేస్తే, ఉక్కపోతకు తట్టుకోలేక పెట్టుకున్న తక్కువ కరెంటుతో తిరిగే 12 వోల్టుల చిన్న బీఎల్‌డీసీ ఫ్యాను, 15 వాట్లదే అయినా, ఎనిమిది గంటల్లో ఒక్కతే 120 వాట్ అవర్లు తాగుతుంది. 160 కాస్తా 280 అవుతుంది. క్యాంపింగ్‌కు ఎంత సోలార్ కావాలన్న ప్రశ్నకు అందుకే లంబసింగిలో ఒక జవాబు, భీమిలిలో ఇంకో జవాబు.

వాట్ అవర్లలో లెక్క వేసుకోవడానికి మరో కారణం కూడా ఉంది. పవర్ బ్యాంకుల మీద పెద్ద అక్షరాల్లో ఉండే ఎంఏహెచ్ అంకె లోపలి సెల్లు వోల్టేజీకి, అంటే సుమారు 3.7 వోల్టులకు చెందినది. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో ఉన్నది 74 వాట్ అవర్లు. దాన్ని ఐదు వోల్టులకు పెంచి ఇచ్చేటప్పుడు పోయేది తీసేస్తే చేతికి వచ్చేది అరవై పైచిలుకు. ఫోన్ బ్యాటరీ 5000 కదా, నాలుగు సార్లు నిండుతుందిలే అనుకున్నవారికి మూడో ఫోనుకే ఖాళీ అవడం ఇందువల్లనే. అయితే ఇద్దరే వెళ్లేటట్టయితే, మంచి పవర్ బ్యాంకులు రెండు, తలకు కట్టుకునే లైట్లు రెండు ఉంటే చాలు. వారికి ఈ వ్యాసంలో మిగతా భాగంతో పెద్దగా పని లేదు.

నలుగురికి రెండు కొండ రాత్రులంటే 320 వాట్ అవర్లు. దీనికి చాలామందికి మొదట తోచేది ఇంట్లో మూలన పడి ఉన్న యూపీఎస్ బ్యాటరీయో, ఇన్వర్టర్ దుకాణంలో దొరికే సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీయో. 12 వోల్టుల 26 ఆంపియర్ అవర్ల సీల్డ్ బ్యాటరీ కాగితం మీద 312 వాట్ అవర్లది. కానీ సీసం బ్యాటరీని సగం కంటే కిందికి మళ్లీ మళ్లీ దించితే దాని ఆయుష్షు వేగంగా తరిగిపోతుంది. కాబట్టి వాడుకోగలిగినది 156, అంటే ఒక్క రాత్రికే. దీని బరువు దాదాపు ఎనిమిది కిలోలు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో, అంటే వ్యాపారులు ఎల్ఎఫ్‌పీ అనే రకంలో, 3.2 వోల్టుల సెల్లులు నాలుగు వరసగా కలిసి 12.8 వోల్టులవుతాయి. 30 ఆంపియర్ అవర్లదైతే 384 వాట్ అవర్లు. అందులో తొంభై శాతం నిర్భయంగా వాడుకోవచ్చు కనుక 345. బరువు సీసం దానిలో సగమే, పని రెట్టింపు. రెండు వేల సార్లకు పైగా నింపి ఖాళీ చేయడానికి తట్టుకుంటుంది. ఫోన్లలో, ల్యాప్‌టాపుల్లో వాడే ఇతర లిథియం రకాలతో పోలిస్తే వేడికి మంటలంటుకునే ప్రమాదం కూడా దీనిలో తక్కువ. ధర ఎక్కువే. కానీ ఖర్చుపెట్టడానికి తగిన చోటు ఈ మొత్తంలో ఏదైనా ఉందంటే అది ఇదే.

ఎల్ఎఫ్‌పీతో వచ్చే చిక్కు వేరే ఉంది. సీసం బ్యాటరీని వోల్టు మీటరుతో చూసి ఎంత మిగిలిందో సుమారుగా చెప్పవచ్చు: తీరికగా ఉన్నప్పుడు 12.7 ఉంటే నిండు, 12.2 ఉంటే సగం. ఎల్ఎఫ్‌పీ వోల్టేజీ మాత్రం చివరిదాకా దాదాపు బల్లపరుపుగా నడుస్తుంది. డెబ్బై శాతం ఉన్నప్పుడు 13.2 చూపిస్తే, నలభై శాతానికి దిగాక 13.1 చూపిస్తుంది. ఆ చివర కొద్ది శాతంలో ఒక్కసారిగా జారిపోయి, లోపలి రక్షణ సర్క్యూట్, అంటే బీఎంఎస్, లైను తెంచేస్తుంది. రాత్రి పదింటికి 13.1 చూసి నిబ్బరంగా పడుకున్నవారికి తెల్లవారుజామున మూడింటికి ఫ్యాను ఠక్కున ఆగిపోతే, దోమలు వచ్చి సంగతి చెబుతాయి. దీనికి మార్గం, లోపలికి వెళ్లిన ఆంపియర్లనూ బయటికి వచ్చిన ఆంపియర్లనూ కూడుతూ తీసివేస్తూ మిగిలినది చూపించే మీటరు. షంట్ మీటరు అని అడిగితే ఇస్తారు. ఖర్చు కొంచెమే, పెట్టకుండా వదిలేసేవారు మాత్రం చాలామంది.

ఈ బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో ఛార్జ్ చేయకూడదు. సెల్లు లోపల లోహ లిథియం పేరుకుని శాశ్వతంగా పాడవుతుంది. చింతపల్లి మండలంలో సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో కూడా ఎండ వచ్చి ప్యానెల్ పని మొదలుపెట్టే వేళకు అంత చలి మిగలదు కాబట్టి ఇది మన ప్రాంతానికి పెద్ద బెడద కాదు. మనకు భయపడవలసినది వేడికి. మే నెల మధ్యాహ్నం బీచ్ రోడ్డు మీద అద్దాలు బిగించి ఆపిన కారులో ఏ బ్యాటరీని వదిలినా దాని ఆయుష్షును చేజేతులా కోసుకున్నట్టే.

ప్యానెల్ విప్పే ముందు చూసుకోవలసిన ఇంకో ఆదరువు కారు ఇంజనులోనే ఉంది. విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. ఘాట్ రోడ్డుతో కలిపి మూడు గంటలకు తక్కువ పట్టదు. కారులోని 12 వోల్టుల సాకెట్ నుంచి ఎనిమిది ఆంపియర్ల లోపు తీసుకుంటే దాదాపు వంద వాట్లు. మూడు గంటలకు నష్టాలన్నీ పోను రెండు వందల యాభై వాట్ అవర్లు బ్యాటరీకి చేరతాయి. అంటే అనంతగిరి మలుపులన్నీ తిరిగి అరకులో దిగేసరికి ఒకటిన్నర రాత్రుల కరెంటు ఊరికే చేతికి వచ్చినట్టు. తిరుగు ప్రయాణంలో దారిలో ఎక్కడైనా ఆగి మరో రాత్రి గడిపినా ఇబ్బంది ఉండదు. దీనికి బ్యాటరీకి సరిపడిన వోల్టేజీని, ప్రవాహాన్ని అదుపులో పెట్టే డీసీ టు డీసీ ఛార్జర్ మధ్యలో ఉండాలి. కారు బ్యాటరీ నుంచి ఎల్ఎఫ్‌పీకి రెండు వైర్లు నేరుగా లాగితే, ఖాళీగా ఉన్న లిథియం బ్యాటరీ ఎంత ఇస్తే అంత లాక్కుని, ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటరును వేడెక్కిస్తుంది. సోలార్ గురించి రాస్తూ పెట్రోలును మెచ్చుకోవడం విడ్డూరంగా ఉండవచ్చు. అయినా ఎలాగూ కాలుతున్న పెట్రోలు నుంచి వచ్చే ఈ కరెంటు, పొగమంచులో నిలబెట్టిన ప్యానెల్ కంటే నమ్మదగినది.

ఇక ఎండ సంగతి. విశాఖపట్నం 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తు వరకే ఎక్కుతాడు. ఆ వేళ ప్యానెల్‌ను నేల మీద చాపలా పరిస్తే నేరుగా పడవలసిన ఎండలో నాలుగింట మూడు వంతులే దానికి చిక్కుతుంది. దక్షిణానికి తిప్పి నలభై డిగ్రీలు వాలుగా నిలబెడితే మొత్తం చిక్కుతుంది. ఇంటి డాబా మీది స్థిరమైన ప్యానెళ్లకు ఏడాది పొడవునా సరిపోయేలా పద్దెనిమిది డిగ్రీల వాలు ఇస్తారు. చలికాలపు క్యాంపుకు అది చాలదు. మే రెండో వారంలోనూ ఆగస్టు మొదట్లోనూ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, అప్పుడు పరిస్తేనే మేలు. కోణం కొలవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. ఒక పెన్నును ప్యానెల్ మీద నిట్టనిలువుగా ఆనించి పట్టుకుని, దాని నీడ మాయమయ్యేదాకా ప్యానెల్‌ను వాలిస్తే అదే సరైన కోణం. గంటకొకసారి ఇలా సరిచేస్తే రోజు మొత్తానికి వచ్చే లాభం కంటికి కనిపించేంత ఉంటుంది.

గడియారం విషయంలో విశాఖవాసులకు ఒక సౌకర్యం ఉంది. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు దగ్గరగా పోతుంది. విశాఖ దానికి ఒక డిగ్రీ కూడా దూరం లేదు. కాబట్టి ఇక్కడ చేతి గడియారం పన్నెండు కొట్టే వేళకు సూర్యుడు దాదాపు నడిమింట ఉంటాడు: డిసెంబరు 25 ప్రాంతంలో 11 గంటల 57 నిమిషాలకు, నవంబరు మొదట్లో 11.40కి, ఫిబ్రవరి రెండో వారంలో 12.11కి. పనికొచ్చే ఎండ తొమ్మిది నుంచి మూడు దాకా అనుకుంటే చాలు, వేరే సవరణలు అక్కర్లేదు. చిక్కల్లా ఏమంటే, ఆ తొమ్మిది నుంచి మూడు వరకే మనుషులు బొర్రా గుహల్లోనో కటికి జలపాతం దారిలోనో ఉంటారు. ప్యానెల్‌ను డేరా దగ్గర ఒంటరిగా వదలలేరు. దొంగల భయం అటుంచినా, కోతులకు మెరిసే వస్తువు కనబడితే ఏమవుతుందో ఘాట్ రోడ్డు మీద చిప్స్ ప్యాకెట్ పోగొట్టుకున్న ఎవరినడిగినా చెబుతారు. అందుకని మడత ప్యానెల్ కంటే, కారు పైకప్పు క్యారియరుకు బిగించి వదిలేసే గట్టి ప్యానెల్ ఎక్కువ రోజుల యాత్రకు మేలు. వాలు ఉండదు, కొంత నష్టమే. అయినా గుహల ముందు కారు ఆగి ఉన్న మూడు గంటలూ అది పని చేస్తూనే ఉంటుంది.

కారు ఎండలో ఆగి ఉంటేనే సుమా. చెట్టు నీడలో కారు, ఎండలో ప్యానెల్ అనే రెండు కోరికలూ ఒకేసారి తీరవు. నీడ ప్యానెల్‌కు చేసే హాని చూసేవారి అంచనాకు అందదు. 12 వోల్టుల ప్యానెల్‌లో మామూలుగా 36 సెల్లులు దండలో పూలలా ఒకే వరసలో ఉంటాయి. అన్నిటిలోనూ ఒకే ప్రవాహం నడవాలి. అందులో ఒక్క సెల్లు మీద ఆకు పడినా ఆ సెల్లు గొంతు ఎంత సన్నబడితే మొత్తం వరస అంత సన్నబడుతుంది. పక్కదారి చూపించే బైపాస్ డయోడ్లు రెండు ఉంటే, నీడ పడిన సగాన్ని వదిలేసి మిగతా సగాన్ని కాపాడాలని చూస్తాయి. కానీ మిగిలిన పద్దెనిమిది సెల్లుల వోల్టేజీ 12 వోల్టుల బ్యాటరీని నింపడానికి చాలదు. అరకు లోయలో కాఫీ తోటల మధ్య డేరాలు వేసే చోట్లు చాలా ఉన్నాయి. ఆ కాఫీ మొక్కలకు నీడ కోసమే సిల్వర్ ఓక్ చెట్లు వరసగా పెంచుతారు, వాటికి మిరియాల తీగలు అల్లుకుని ఉంటాయి. చూడటానికి ఆకుల సందుల్లోంచి ఎండ బాగానే రాలుతున్నట్టు ఉంటుంది. కాఫీకి అంతకంటే మంచి చోటు లేదు, ప్యానెల్‌కు అంతకంటే చెడ్డ చోటు లేదు. అక్కడ వంద వాట్ల ప్యానెల్ పది పదిహేను వాట్లిస్తే అది ప్యానెల్ తప్పు కాదు. పొడవైన వైరుతో దాన్ని తోట బయటికి, మడిగట్టు మీదికో రాతి బండ మీదికో తీసుకుపోవడమే మార్గం.

ఆరుబయట పూర్తి ఎండలో కూడా వంద వాట్ల ప్యానెల్ వంద ఇవ్వదు. చదరపు మీటరుకు వెయ్యి వాట్ల వెలుగు, సెల్లు ఉష్ణోగ్రత 25 డిగ్రీలు అన్న ప్రయోగశాల షరతుల్లో కొలిచిన అంకె అది. ఏప్రిల్ మధ్యాహ్నం సెల్లు అరవై డిగ్రీలకు చేరుతుంది. డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున పద్నాలుగు శాతం అక్కడే పోతుంది. ప్యానెల్ వెనుక గాలి ఆడితే ఈ నష్టం తగ్గుతుంది, ఇసుక మీద పరిస్తే పెరుగుతుంది. 2021 ఆగస్టులో ఎన్‌టీపీసీ సింహాద్రి జలాశయం మీద ప్రారంభించిన 25 మెగావాట్ల నీటి మీద తేలే సోలార్ కేంద్రానికి ఉన్న లాభాల్లో ఒకటి ఇదే: కింద నీరు ప్యానెళ్లను చల్లబరుస్తుంది. విచిత్రమేమిటంటే, చలిగాలిలో ఎండ కాసే జనవరి అరకు మధ్యాహ్నం, వేడితో మండిపోయే మే విశాఖ మధ్యాహ్నం కంటే ప్యానెల్‌కు హితం. వేడి, దుమ్ము, వైర్లు, కంట్రోలర్ అన్నీ కలిపి డెబ్బై శాతమే దక్కుతుందనుకుని, పొగమంచూ నీడా పోను మూడు గంటల నిండు ఎండ లెక్కన వేసుకుంటే వంద వాట్ల ప్యానెల్ రోజుకు 210 వాట్ అవర్లిస్తుంది. కొండ రాత్రి ఖర్చు 160 కనుక అది చాలు. రోజంతా కదలకుండా బయట ఉంటే 350 కూడా రావచ్చు, భీమిలి ఫ్యాను కూడా గట్టెక్కుతుంది. వానకాలంలో ముసురు పట్టిన రోజున మాత్రం ఇందులో అయిదో వంతు వచ్చినా గొప్పే.

ప్యానెల్‌కూ బ్యాటరీకీ నడుమ ఛార్జ్ కంట్రోలర్ ఉంటుంది. వంద వాట్ల ప్యానెల్ సుమారు 18 వోల్టుల దగ్గర ఐదున్నర ఆంపియర్లిచ్చేటప్పుడే పూర్తి శక్తినిస్తుంది. పీడబ్ల్యూఎం రకం కంట్రోలర్ ఆ ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టేజీకి దించేస్తుంది, 13.2 వోల్టుల వద్ద అవే ఐదున్నర ఆంపియర్లు, అంటే 73 వాట్లే. ఎంపీపీటీ రకం, ప్యానెల్‌ను దాని 18 వోల్టుల దగ్గరే ఉంచి, మిగులు వోల్టేజీని ఆంపియర్లుగా మార్చి బ్యాటరీకి ఇస్తుంది. యాభై వాట్ల లోపు ప్యానెల్‌కు ఈ తేడా కోసం అదనంగా పెట్టడం దండగ. వందకు దండగ కాదు. డబ్బా మీద ఎంపీపీటీ అని అచ్చు వేసి లోపల పీడబ్ల్యూఎం పెట్టిన చవక సరుకు బజారులో తిరుగుతూనే ఉంటుంది. పట్టుకోవడం తేలిక. మంచి ఎండలో, బ్యాటరీ నిండకుండా ఉన్నప్పుడు, ప్యానెల్ వైరులో ఎన్ని ఆంపియర్లు నడుస్తున్నాయో, బ్యాటరీ వైరులో ఎన్ని నడుస్తున్నాయో, వైరు చుట్టూ పట్టుకుని కొలిచే క్లాంప్ మీటరుతో చూడాలి. డీసీ కొలిచే మీటరే కావాలి. రెండూ ఒకటే అయితే అది పీడబ్ల్యూఎం. బ్యాటరీ వైపు స్పష్టంగా ఎక్కువ ఉంటే అసలైనదే.

కూర్పు పనిలో చేయి తిరగని వారు తడబడేది వైర్ల దగ్గర. 12 వోల్టుల పనిలో వోల్టులు తక్కువ, ఆంపియర్లు ఎక్కువ. సన్నని వైరు అసలే తక్కువగా ఉన్న వోల్టులను దారిలోనే మింగేస్తుంది. ప్యానెల్‌ను ఐదు మీటర్ల దూరంలో పెడితే పోను రాను పది మీటర్ల రాగి. 1.5 స్క్వేర్ ఎంఎం వైరులో ఐదున్నర ఆంపియర్లకు 0.64 వోల్టు పోతుంది. 4 స్క్వేర్ ఎంఎం వైరులో 0.24 మాత్రమే. తోట బయటికి పదిహేను మీటర్లు లాగవలసి వస్తే ఈ అంకెలు మూడింతలవుతాయి, అప్పుడు లావు వైరు తప్పదు. డాబాగార్డెన్స్ దుకాణాల్లో వైరు కొనేటప్పుడు ఇళ్ల గోడల్లో వేసేది కాకుండా, సన్నని పోగులు ఎక్కువగా ఉండే మెత్తటి ఫ్లెక్సిబుల్ వైరు అడగాలి. మాటిమాటికీ చుట్టి విప్పే వైరు గట్టిదైతే ఒకనాడు లోపలే తెగుతుంది.

పెట్టె విషయానికొస్తే, మూత బిగుతుగా పడే ప్లాస్టిక్ పనిముట్ల పెట్టె ఏదైనా పనికొస్తుంది. అడుగున నురుగు షీటు పరిచి బ్యాటరీని కదలకుండా పట్టీతో కట్టాలి; ఘాట్ మలుపుల్లో అది దొర్లితే ముందు తెగేది దాని మీది జాయింటే. బ్యాటరీ ప్లస్ నుంచి బయలుదేరిన ఎర్ర వైరు మీద జానెడు దూరం దాటకుండా ఫ్యూజు రావాలి. చిన్న ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ అయినా షార్ట్ అయితే బీఎంఎస్ తేరుకునే లోపే వైరును ఎర్రగా కాల్చగలదు. ఫ్యూజు అంకె వైరు భరించగలిగినదాన్ని బట్టి ఉండాలి, 2.5 స్క్వేర్ ఎంఎం వైరుకు 15 ఆంపియర్లు చాలు. వైరు చివర పోగులు మెలిపెట్టి స్క్రూ కింద దూర్చడం కంటే లగ్గు అనే లోహపు కొన వేసి క్రింపు చేయడం, అంటే నొక్కి బిగించడం మంచిది. చేత్తో గట్టిగా లాగి చూడాలి. ఊడి వచ్చే లగ్గు ఇంటి దగ్గరే ఊడి రావాలి. కలిపే వరస కూడా ముఖ్యమే: ముందు బ్యాటరీని కంట్రోలరుకు, ఆ తర్వాతనే ప్యానెల్‌ను. కంట్రోలర్ తన ముందున్నది పన్నెండు వోల్టుల వ్యవస్థో ఇరవై నాలుగుదో బ్యాటరీని చూసే తెలుసుకుంటుంది. విప్పేటప్పుడు దీనికి తిరగేసి, ముందు ప్యానెల్. కంట్రోలరులో బ్యాటరీ రకాన్ని లిథియం అని మార్చి, పూర్తి ఛార్జ్ వోల్టేజీ 14.4 దగ్గర ఉందో లేదో చూసుకోవాలి. సీసం బ్యాటరీకి నెలకోసారి మామూలు కంటే ఎక్కువ వోల్టేజీతో చేసే ఈక్వలైజేషన్ అనే ఛార్జింగ్ ఎల్ఎఫ్‌పీకి కీడు.

ఇన్వర్టర్ మీద మోజు తగ్గించుకోవడం వల్ల మిగిలే కరెంటు తక్కువేమీ కాదు. 300 వాట్ల చిన్న ఇన్వర్టర్ కూడా, ఏమీ తగిలించకుండా ఆన్ చేసి ఉంచితే గంటకు ఆరు నుంచి పది వాట్ అవర్లు తన కడుపుకే తింటుంది. రాత్రి పది గంటలు వదిలేస్తే సుమారు ఎనభై, అంటే నలుగురి రాత్రి ఖర్చులో సగం. దోమల లిక్విడ్ మెషిన్ ఐదు వాట్లదే కదా అని ఇన్వర్టరుకు తగిలిస్తే, దాని యాభైకి ఇన్వర్టరు ఎనభై కలిసి 130 అవుతుంది; దోమతెరకు ఒక్క వాట్ కూడా అక్కర్లేదు. ల్యాప్‌టాప్, ఫోన్లు 12 వోల్టుల నుంచే పనిచేసే యూఎస్‌బీ పీడీ అడాప్టరుతో ఛార్జ్ అవుతాయి. టీ కోసం ఎలక్ట్రిక్ కెటిల్ తెచ్చేవారూ ఉన్నారు. లీటరు నీళ్లను ఇరవై డిగ్రీల నుంచి మరిగించడానికి కావలసిన వేడే 93 వాట్ అవర్లు. పైగా 1500 వాట్ల కెటిల్‌కు 12.8 వోల్టుల బ్యాటరీ నుంచి 117 ఆంపియర్లు రావాలి. ఆ ప్రయత్నంలో బీఎంఎస్ లైను తెంచేస్తుంది, టీ రాదు. వేడి చేసే పనులన్నీ గ్యాస్ స్టవ్వుకే వదలాలి.

ఈ శ్రమంతా ఎందుకు, అన్నీ ఒకే పెట్టెలో బిగించి వచ్చే పవర్ స్టేషన్ కొనుక్కుంటే పోదా అన్నది సహజమైన ప్రశ్న. మల్టీమీటర్ పట్టుకోవడం రానివారికి అదే సరైన జవాబు. వైర్లు తారుమారు చేసే ప్రమాదం ఉండదు, వారంటీ ఉంటుంది. అయితే అందులో ఒక భాగం పాడైతే పెట్టె మొత్తం సర్వీసు సెంటరుకు పోవాలి. చేతికూర్పులో కంట్రోలర్ పోతే కంట్రోలరే మారుతుంది, బ్యాటరీ పదేళ్లు అలాగే ఉంటుంది.

సముద్రపు ఊరు కనుక ఉప్పుగాలి గురించి ఒక మాట. ఋషికొండలోనో యారాడలోనో ఒక్క రాత్రి ఉంచినా ప్యానెల్ మీద సన్నని జిగట పొర పేరుకుంటుంది. మంచినీళ్లతో, మెత్తటి గుడ్డతో కడిగితే పోతుంది. కనెక్టర్ల లోపలికి చేరిన ఉప్పు మాత్రం కనబడకుండా పచ్చగా చిలుము పట్టిస్తుంది. లగ్గుల మీద పలచగా వాజలీన్ రాయడం, వాడనప్పుడు కనెక్టర్ల మూతులు మూయడం చాలు.

విశాఖపట్నంలో ఈ కిట్‌కు క్యాంపింగ్ కంటే పెద్ద పని ఇంకొకటి పడవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక ఊరు రోజుల తరబడి చీకట్లో ఉంది. ఫోనులో నాలుగు గీతలు ఛార్జింగ్ కోసం జనరేటరున్న చోటును వెతుక్కున్న రోజులవి. అటువంటి వేళకు ఈ పెట్టె నిండుగా ఉండాలంటే, దాన్ని దాచే పద్ధతి రుతువును బట్టి మారాలి. ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ మామూలు రోజుల్లో సగానికి కాస్త పైన ఉంచి, అన్ని వైర్లూ తీసేసి, మూడు నెలలకోసారి చూసుకుంటే చాలాకాలం బాగుంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో మాత్రం నిండుగా ఉంచడమే మంచిది. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వినగానే ఇంటి ప్లగ్గుకు పెట్టి పూర్తిగా ఎక్కించుకోవాలి. తుపాను గాలిలో ప్యానెల్‌ను బయటికి తీయనే కూడదు. గాలి సద్దుమణిగి మబ్బు విడిచాక, మూడో రోజున, డాబా మీద పిట్టగోడ నీడా నీళ్ల ట్యాంకు నీడా పడని మూల చూసి, పెన్ను నీడ మాయమయ్యేలా వాల్చి పెట్టాలి.